ఇతరములు

ముప్పై ఒక్క మార్చిలు పనిచేశాను నేను.
ఏళ్ళు కాదు, మార్చిలు.
బిల్ కలెక్టరుకి ఏడాదికి ఒకటే నెల.
కోతలవాడికి కొడవలి, నాకు కార్బన్ పేపరు.
సైకిలు బెల్లు వినగానే
వీధిలో తలుపులు వాటంతటవే దగ్గరపడేవి.
కుక్కలొక్కటే ఎదురొచ్చేవి.

తిరుపతిరాజు గారి మేడ మూడంతస్తులు.
పైన నీళ్ళ ట్యాంకు, దాని మీద సిమెంటు గరుడపక్షి.
డిమాండు రిజిస్టరులో అది ఇంకా పెంకుటిల్లు,
రెండు గదులు, మట్టి అరుగు.
కొలుద్దామని టేపు పట్టుకెళ్ళిన రోజు
బొండాం కొట్టించి చేతికిచ్చారు.
చల్లగా ఉంది. తాగాను.
టేపు జేబులోనే ఉండిపోయింది.
ఆ బొండాం ఊరికి ఎంత పడిందో
లెక్క కట్టగలను. కట్టలేదు.

పన్నులో ఓ ముక్క గ్రంథాలయానిది,
రూపాయికి ఎనిమిది పైసలు.
మా ఊళ్ళో గ్రంథాలయం లేదు.
"నా డబ్బుతో ఏ పుస్తకం కొన్నారండీ?" అని
కిళ్ళీకొట్టు సత్తిరాజు ఏటా అడిగేవాడు,
ఏటా కట్టేవాడు.
ఒకసారి రసీదు పుస్తకం ఎత్తి చూపించి
"ఇదే" అన్నాను.
పడీపడీ నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

ఇక గెడ్డం ఎలీసమ్మ.
కాలవగట్టు మీద తాటాకు పాక.
గోదారి ఆవిడ గుమ్మం ముందునుంచే
అవతలివాళ్ళ చేలకి పోతుంది.
అందరూ తప్పించుకు తిరిగే ఆ నెలలోనే
పంచాయతీ మెట్ల మీద కూర్చుని
కొంగు ముడి విప్పేది.
"నాక్కూడా కట్టించుకోండి బాబూ, పన్ను."
గట్టు ఇరిగేషను వాళ్ళది, పాకకి నంబరు లేదు,
నంబరు లేనిదానికి పన్నెలా రాస్తాను?
పన్ను రసీదు లేనిదే కరెంటు మీటరు ఇవ్వరని
ఆవిడకి నాకంటే బాగా తెలుసు.
"కట్టక్కర్లేదంటే సంతోషించవేం" అన్నాను.

నావంక అలా చూసింది.
సంతలో తట్ట దింపితే ఆశీలు పది.
ఆ పాట పాడుకున్నది రాజుగారి బావమరిది.
సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే ఇంకో పాటదారు.
సబ్బుబిళ్ళలో ఎంతో, అగ్గిపెట్టెలో ఎంతో,
మనవడి సెల్లు రీచార్జిలో ఎంతో.
"రోజూ కడతానే ఉన్నాను గదండీ.
ఒక్కదాని మీదా నా పేరెయ్యరు."

వరదొచ్చిన ఏడు, నీళ్ళు తీశాక,
నష్టం రాసేవాళ్ళు నంబర్ల వరసన రాసుకుపోయారు.
పెంకుటిల్లు కూలినందుకు
తిరుపతిరాజు గారి ఖాతాలో డబ్బులు పడ్డాయి.
మేడ మీద గరుడపక్షికి ఈక కూడా తడవలేదు.
లేని ఇల్లు కూలింది.
ఉన్న పాక కొట్టుకుపోయిందని రాయడానికి
గడి దొరకలేదు.

ఆ మార్చిలో కార్బన్ పెట్టి రాశాను:
గెడ్డం ఎలీసమ్మ, కాలవగట్టు,
ఇతరములు, ఇరవై రెండు రూపాయలు.
ముద్ర గట్టిగా నొక్కాను.
ఆవిడకి చదువు రాదు.
పేరెక్కడుందో అడిగి
అక్కడ బొటనవేలు ఆనించి
కాసేపు అలాగే ఉంచింది,
జొరం చూస్తున్నట్టు.
మర్నాడు రాజోలు వెళ్ళి ప్లాస్టిక్ అతికించుకొచ్చింది.

గట్టు ఖాళీ చేయించడానికి జేసీబీ వచ్చినప్పుడు
అదే అడ్డం పెట్టింది.
ఇంజనీరు కుర్రాడు అటూ ఇటూ తిప్పి
"ఆక్రమణకి మీరే రుజువిచ్చారు" అని
సెల్లులో ఫోటో తీసుకున్నాడు.
ఆవిడకి నోటీసు, నాకు మెమో.
నోటీసు మీద మాత్రం ఆవిడ పేరుంది,
ఇంటిపేరుతో సహా,
ఒక్క అక్షరం తప్పు లేకుండా.

నాకో ఇంక్రిమెంటు పోయింది. పోనీ.
ఇప్పుడు కొత్త కుర్రాడు చిన్న మిషనుతో తిరుగుతున్నాడు,
కార్బన్ మరక వేళ్ళకి అంటని ఉద్యోగం.
నిన్న పింఛను తెచ్చుకుని వస్తుంటే
పంచాయతీ మెట్ల మీద ఎలీసమ్మ.
ఇప్పుడు ఉండేది మురుగుకాలవ గట్టున.
ఒళ్ళో సంచీ, సంచీలో రసీదు.
నోటీసుకి కూడా
ప్లాస్టిక్ అతికించుకుంది.